లిమాలో చెక్కు తీసిన దుంపలు

క్లేటన్, మార్చి 1990, సోమవారం రాత్రి

ఈ డైరీ రాసుకుని, మళ్లీ నువ్వే చదువుకునే నువ్వు ఒట్టి బూటకపు అభ్యుదయవాదివి. ఇరవై ఏళ్లుగా స్త్రీల హక్కుల మీద వ్యాసాలు రాశావు. ఒక్క పూటైనా వంట చేశావా?

పెరూలో సెమినార్ అయిపోయాక రాజధాని లిమాలో ఒక రోజంతా ఒంటరిగా తిరిగాను. పాత వీధుల్లో ఆ చెక్క బాల్కనీలు ఎంత అందమో! అయినా నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక పేదల వాడలోని ఉమ్మడి వంటశాల. ధరలు మండిపోతుంటే అక్కడి ఆడవాళ్లే వంతులేసుకుని వాడంతటికీ వండిపెడుతున్నారు. ఏం వండాలో, ఎవరికి ముందు పెట్టాలో అంతా వాళ్ల నిర్ణయమే. రాజకీయమంటే అదీ! వచ్చీరాని స్పానిష్‌లో పొగడబోతే, ఒకామె నా చేతికి కత్తి ఇచ్చి బంగాళాదుంపల బుట్ట చూపించింది. చెక్కుతో పాటు సగం దుంప కూడా కోసేశాను. అందరూ పడీపడీ నవ్వారు.

ఇవాళ ఇల్లు చేరి నా భార్య సుజాతకు ఇదంతా గొప్పగా చెప్పాను.

"దుంపల చెక్కు తీయడానికి పెరూ దాకా వెళ్లారా? మన కిచెన్‌కి వీసా కూడా అక్కర్లేదు కదండీ!" అని నవ్వింది. తర్వాత నవ్వలేదు. "ఈ సండే మనవాళ్ల మీటింగ్‌లో స్త్రీ విముక్తి మీద స్పీచ్ మీది, నలభై మందికి పులిహోర నాది. కాలేజీలో డిబేట్ కప్పులన్నీ ఎవరివో గుర్తుందా?"

గుర్తుంది. ఆదివారం లోపు తప్పించుకోవడానికి ఏదో సాకు వెతుక్కుంటానేమోనని భయంగా ఉంది...

అందుకే నాకు నేనే పెట్టుకుంటున్న డిమాండ్లు:

ఉపన్యాసం సుజాత ఇవ్వాలి.
పులిహోర నేను కలపాలి.
ఆమె మాట్లాడుతుండగా ఉప్పెక్కడుందని అడగడానికి హాల్లోకి రాకూడదు.