బస్టాపులో వల పందిరి

ఉప్పురేవు,
ముత్తుకూరు మండలం.
18 మే 2025.

ఏసుమణి అన్నకు తమ్ముడు చెంచయ్య నమస్కరించి రాయునది. గూడూరులో నువ్వు, మెర్లిన్ పాప, అల్లుడు చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ ఈ ఎండలో ఎవరమూ చల్లగా లేము గానీ కులాసాగానే ఉన్నాము.

ఫోను చేస్తే నువ్వు ఎత్తడం లేదు. ఎత్తినా నా నోట మాట రాదని నీకు తెలుసు. రోజూ పద్దు రాసుకునే చేయి గనుక కాగితం మీద అయితే నాలుగు ముక్కలు వస్తాయి.

విషయం ఏమంటే, బస్టాపులో పందిరి మళ్ళీ కడుతున్నాము. గుంజలు నాటడానికి నువ్వు రావాలి. నెలాఖరుకు పందిరి నిలబడకపోతే రేకులు వేయిస్తామని ఊరి పెద్దలు తేల్చేశారు. ఈ ఎండకు రేకు కింద బస్సు కోసం కూర్చుంటే చేపలమ్మే ఆడవాళ్ళూ వాళ్ళ గంపల్లో చేపలూ కలిసి ఉడుకుతారు.

మొదటి పందిరి కూలిన నాడు, సముద్రం ఒడ్డున పుట్టి ఇసకలో గుంజ నాటడం రాదా అని పెద్దలు అందరి ముందూ నిన్ను అన్నారు. నువ్వు పనిముట్ల సంచి తీసుకుని బస్సెక్కావు. ఆ గొడవలో నువ్వు గమనించావో లేదో. వల కింద చిక్కిన ఏడుగురిలో ఎవరికీ దెబ్బ తగలలేదు. అంకాలమ్మక్కను చివర విడిపించాము. నలభై ఏళ్ళుగా చేపలమ్ముతా ఉండానురా, వల్లో పడిన చేపకి ఎట్టా ఉంటుందో ఈ పొద్దు తెలిసింది అన్నది.

నేను ఆ తర్వాత రోజూ అక్కడికి వెళ్ళి చూస్తున్నాను. రొయ్యల గుంటల దగ్గర పారేసిన పైపుల్లో సరుగుడు కర్రలు దూర్చి నువ్వు చేసిన గుంజలు నాలుగూ పైకి తీయించాను. ఒక్కటి చీలలేదు, ఒక్కటి విరగలేదు. తీయకముందు నాలుగూ పడమటికే ఒరిగి ఉన్నాయి. గుంజ బలం లేనిదైతే తలా ఒక దిక్కుకు పడాలి గదా, అన్నీ ఒకే వైపు ఎందుకు పోయాయి అని ఆలోచనలో పడ్డాను. ఈ వారంలో వలను కొలిచి చూస్తే తెలిసింది. పది బారల వలను ఆరు బారల తాడుకు కట్టి ఉన్నాను. చేపకైతే అంతే కట్టాలి, వల వదులుగా లేకపోతే చేప చిక్కదు. నీడకు కట్టేటప్పుడు కూడా నా చేయి అలవాటు మానలేదు. మూడు పొరల పాత వల, దాని మధ్య ఆడవాళ్ళు అల్లిన రొయ్యల మేత సంచుల పట్టీలు, ఆ వదులంతా గాలి నిండి తెరచాప అయింది. అదే గుంజలను లాగేసింది.

ఇంకో వింత కూడా కనిపెట్టాను. పందిరి నీడ పందిరి కింద ఉండదు అన్నా! పెరట్లో తలెత్తు కర్ర మీద గోనెపట్టా కట్టి, గంటకొకసారి నీడ అంచున ఆల్చిప్ప పెట్టాను. పొద్దున తొమ్మిదికి నీడ బారెడు దూరాన పడమట పడింది. బస్టాపులో అయితే అది తారు రోడ్డు. మన ఆడవాళ్ళు బెంచీ వదిలి రోడ్డు మీద కూర్చుంటే తిట్టాము గదా, వాళ్ళు నీడ వెంటే పోయారు. ఈ మాట చెబితే అంకాలమ్మక్క, ఇది కనిపెట్టడానికి నీకు ఇన్ని చిప్పలు కావాల్సొచ్చిందా, మమ్మల్ని అడిగుంటే చెప్పే వాళ్ళం గదరా అన్నది.

కాబట్టి పొద్దుటి పూట నీడ బెంచీ మీద పడాలంటే ఈసారి తూర్పు వైపు కూడా వల కిందికి దించాలి. సముద్రపు గాలి వచ్చేది అటు నుంచే. ఎంత బిగించాలో, గాలి పోవడానికి ఎన్ని వల కన్నులు ఖాళీగా వదలాలో నాకు అంతు చిక్కడం లేదు. పందిరికి బొమ్మ గీసి ఇచ్చిన నెల్లూరు అమ్మాయి వినీలను అడిగాను. ఆమె కూడా నిన్నే అడగమన్నది. ఇసుకలో గుంజ ఎంత లోతు దిగితే ఎంత లాగుడుకు ఆగుతుందో నీకు తెలిసినట్టు ఇక్కడ ఎవరికీ తెలియదు.

మెర్లిన్ పాపకు ఎండు నెత్తళ్ళు తీసి ఉంచాము. వచ్చి తీసుకుపో.

ఇట్లు,
నీ తమ్ముడు
చెంచయ్య

తా.క. పైన ఒక అబద్ధం రాశాను. వల వదులు సంగతి ఈ వారంలో తెలిసింది కాదు. పందిరి పడిన నాడే, అంకాలమ్మక్కను విడిపిస్తూ తాడు పట్టుకున్నప్పుడే తెలిసింది. పెద్దలు నిన్ను అంటున్నప్పుడు నువ్వు నా వైపు చూశావు. నేను వల మడత పెడుతున్నట్టు తల దించుకున్నాను.

నిన్న పెద్దల ముందు లేచి నిలబడి, గుంజల తప్పు లేదు, తప్పు నాదని చెప్పాను. పందిరి పడిన రోజు నీ నాలిక ఏ చేపకి ఎరేసినావురా అని అంకాలమ్మక్క అడిగింది. నవ్వుతూ అడగలేదు. నువ్వు రాకపోయినా ఇక్కడ నీ పనిని ఇక ఎవరూ వేలెత్తి చూపరు. వస్తే మాత్రం తాడు నువ్వే బిగించు.