నోట్లో ఆగిపోయిన లెక్కలు

అక్కా,

నేను బాగానే ఉన్నాను, కానీ ఈ కార్డు అమ్మకు చదివి వినిపించకు.

మొన్న టీచర్ ట్రైనింగ్ మొదటి ఏడాది వాళ్లందరినీ సలహాలిచ్చే మాస్టారి గదికి పిలిచారు. ఆయన తలెత్తకుండానే, "ఏ సబ్జెక్టు చెప్తావమ్మా?" అన్నాడు. లెక్కలు అందామనుకున్నాను. నా నత్తి సంగతి నీకు తెలుసుగా, "లె" దగ్గరే ఆగిపోయాను. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "ఒక్క మాట పలకలేనిదానివి, పాఠమేం చెప్తావు? పిల్లలు నిన్ను ఆటపట్టిస్తారు. లైబ్రరీ కోర్సుకు మారిపో, అక్కడెవరూ మాట్లాడరు" అని ఫారం ఆయనే నింపేశాడు. నేను సంతకం పెట్టి వచ్చేశాను. ఆయన మాటలకన్నా ఆ సంతకమే నన్ను కాల్చుకు తింటోంది.

ఆ ఫారం మార్చుకోవడానికి వచ్చే శుక్రవారం దాకా గడువుంది. బీరువా పై అరలో నా లెక్కల మార్కుల కాగితం ఉంది, వెంటనే పంపు. ఈసారి ఆ మాట పూర్తిగా పలికేదాకా ఆయన ఎదురుగా కుర్చీలోంచి లేవను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ చలి ముదిరింది, నా మందపాటి దుప్పటి కూడా పంపు. బావగారిని అడిగానని చెప్పు. నీ కూతురి చేత పదమూడో ఎక్కం రోజూ చెప్పించు. పన్నెండు దాకా నా దగ్గరే నేర్చుకుంది, ఒక్కసారి కూడా నవ్వలేదు.

నీ చెల్లి