యేసయ్య బియ్యం డబ్బా

తార్నాక,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రభువునందు నా ప్రియమైన శాంతక్కకు, నీ చెల్లెలు కరుణ ప్రేమతో వందనాలు చెప్పుకొని వ్రాస్తున్నది.

నువ్వూ, బావగారూ, పిల్లలూ ఆయన కాపుదలలో చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? మందిరంలో చాప మీద కూర్చోవద్దు, గోడవారగా కుర్చీ వేయించుకో. నీ అంతట నువ్వు అడగవు కాబట్టి నేను చెప్పానని పాస్టరమ్మ గారితో చెప్పు. ఇక్కడ మేము నలుగురం బాగానే ఉన్నాం. బాగానే ఉన్నామని ముందే ఎందుకు రాస్తున్నానంటే, కింద రాసింది చదివి నువ్వు కంగారుపడి బస్సెక్కుతావని.

చేతిలో ఫోనుండగా ఉత్తరమేమిటని బావగారు నవ్వుతారు, నవ్వనీ. ఫోనులో అయితే నేను రెండు మాటలు మాట్లాడేలోగా బాబు ఏడుస్తాడు, వాడు ఊరుకునేలోగా నా గొంతు విని నువ్వు ఏడుస్తావు. ఈ రోజు మీ మరిది గారు పిల్లలిద్దరినీ క్యాంపస్ రోడ్డు మీద చెట్ల కిందికి తిప్పడానికి తీసుకెళ్ళారు. నాకు ఒక గంట దొరికింది. పడుకోమని ఆయన చెప్పి వెళ్ళారు. పడుకోకుండా నీకు రాస్తున్నాను.

సంగతేమిటంటే అక్కా, స్త్రీల ఆదివారానికి పాట పంపమని మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ రాస్తున్నానన్నాను. అది అబద్ధం. ఒక్క ముక్క రాయలేదు. పదిహేనో ఏట మొదలుపెట్టి ఏటా ఒక పాట కట్టిన దాన్ని, బాబు పుట్టిన ఈ తొమ్మిది నెలల్లో పల్లవి కూడా కట్టలేకపోయాను. పాటల పుస్తకం తెరిస్తే పాలవాడి లెక్కలూ, టీకాల తేదీలూ కనపడుతున్నాయి. దేవుడు నాకిచ్చిన ఒక్క వరమూ వెనక్కి తీసేసుకున్నాడని అనుకున్నాను. ఆ మాట నీతో చెప్పడానికి భయమేసి అబద్ధమాడాను, క్షమించు.

నా రోజు ఎలా గడుస్తుందో నీకు తెలియంది కాదు, ఇద్దరిని పెంచావు. కానీ నీకు పక్కన మనవాళ్ళున్నారు. ఇక్కడ తెల్లారకుండానే నీళ్ళు పట్టాలి, ఆయనకు క్యారేజీ కట్టాలి, స్తుతికి జడ వేసి నర్సరీకి నడిపించాలి, బాబును చంకనేసుకొని మళ్ళీ మధ్యాహ్నం దాన్ని తీసుకురావాలి. క్యాంపస్‌లోంచి అడ్డదారిన వెళ్తాను. పొద్దున్నే అక్కడ పెద్దవాళ్ళు చేతులూపుకుంటూ నడుస్తుంటారు, చదువుకునే పిల్లలు రాతిమెట్ల మీద పుస్తకాలు పరుచుకొని కూర్చుంటారు. వాళ్ళను చూస్తే ఏడుపొస్తుంది. ఎవరి చంకలోనూ ఎవరూ ఉండరు మరి. మీ మరిది గారికి యూనివర్సిటీ లైబ్రరీలో కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు, దేవునికి స్తోత్రం. సాయంత్రాలు హబ్సిగూడలో జిరాక్స్ షాపులో కూడా కూర్చుంటున్నారు. ఇంటికొచ్చి కుటుంబ ప్రార్థనలో కీర్తన చదువుతూ మధ్యలోనే కునికిపాట్లు పడతారు. నేను మోకరించిన చోటే నిద్రపోతాను. స్తుతి గట్టిగా ఆమేన్ అంటేనే మా ఇద్దరికీ మెలకువ.

రోజుకు మూడు మేళ్ళు రాసుకొని దేవునికి కృతజ్ఞత చెప్పమన్నావు కదా, అది మాత్రం మానలేదు. ఏం రాశానో చూస్తే నవ్వుతావు. నీళ్ళు వచ్చాయి. కరెంటు పోలేదు. బాబు గంటసేపు పడుకున్నాడు. మర్నాడు కూడా అవే. దేవుడికే విసుగొచ్చి ఉంటుంది.

ఇప్పుడు ఇంకో తప్పు ఒప్పుకోవాలి. నేను వచ్చేటప్పుడు నువ్వు చేతికిచ్చిన స్టీలు డబ్బా గుర్తుందా? పొయ్యి మీదికి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి అందులో వెయ్యి, ఏ ఊళ్ళో ఉన్నా దేవుని భాగం దేవునికే అన్నావు. అలాగే వేస్తూ వచ్చాను. మనూళ్ళో అయితే నెల తిరిగేసరికి నువ్వు సంచి పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగు చేస్తావు. ఇక్కడి మందిరంలో ఎవరికివ్వాలని అడిగితే స్త్రీల సమాజం ఆంటీ నవ్వి, "ఇక్కడ అందరం కానుక ఫోనులోనే వేసేస్తామమ్మా" అన్నారు. సరే, ఊరికి వచ్చినప్పుడు నీ సంచిలోనే పోద్దామని గట్టు కింద సిలిండర్ పక్కన పెట్టాను. స్తుతికి అది యేసయ్య బియ్యం డబ్బా. దాని ముందు కూర్చొని మూతను గౌను అంచుతో తుడిచేది కూడా.

పోయిన నెలలో మూడు రోజులు ఎడతెగని వాన. బాబుకు పళ్ళొస్తూ ఒళ్ళు కాలిపోతోంది, చంక దిగడు. ఆయన ఇంకా షాపులోనే ఉన్నారు. బియ్యం కొలవబోతే బస్తా ఖాళీ. వీధి చివర కొట్టుందని తెలుసు, కానీ జ్వరం పిల్లాడితో ఆ నీళ్ళలోకి దిగలేకపోయాను. యేసయ్య డబ్బా మూత తీశాను.

స్తుతి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, అవి యేసయ్యవి."

"యేసయ్య ఏమీ అనుకోడులే. రేపు పోసేస్తాను."

"మరి ఈ రోజు యేసయ్యకి ఆకలేస్తే?"

దాని వీపు మీద ఒకటి వేశానక్కా. నాలుగేళ్ళ పిల్ల. అది ఏడవలేదు, నా వంక చూసింది, అంతే. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఆ అన్నం వండాను, తిన్నాం. మర్నాడు బియ్యం బస్తా వచ్చింది. తీసింది తిరిగి పోయలేదు. పిడికెడు తీయడం కూడా మానేశాను. డబ్బా కనపడితే సిగ్గేసి, దాన్ని ఇంకాస్త లోపలికి, సిలిండర్ వెనక్కి నెట్టేశాను. రెండు వారాలు దాని జోలికి పోలేదు.

ఆ రెండు వారాలూ ఇంకో వింత జరిగింది. అన్నం తినమంటే గంటసేపు బతిమాలించుకునే స్తుతి గిన్నె పట్టుకొని వంటింట్లోకి పోయి, రెండు నిమిషాల్లో ఖాళీ గిన్నె తెచ్చి చూపించేది. నేను మురిసిపోయాను. మూడు మేళ్ళలో మొదటిదిగా అదే రాసుకున్నాను, "స్తుతి మారాం చేయకుండా అన్నం తింటోంది" అని.

నిన్న కాక మొన్న వంటింట్లో వాసన. ఎలుక చచ్చిందనుకున్నాం. ఆయన సిలిండర్ జరిపితే డబ్బా బయటపడింది. మూత తీశాను. ఏం చెప్పమంటావు! పప్పన్నం, పెరుగన్నం, చారన్నం, అన్నీ ముద్దలు ముద్దలుగా, నల్లగా బూజు పట్టి, కింద ఉన్న బియ్యం కూడా తడిసి పురుగు పట్టి ఉంది. మధ్యలో ఎండిన గుడ్డు పచ్చసొన ముక్క. పచ్చసొనంటే దానికి ప్రాణం, ఎవరికీ పెట్టదు.

ఇల్లెగిరిపోయేలా అరిచాను. అది తలుపు వెనక నిలబడి అంది, "యేసయ్య అన్నం మనం తినేశాం కదమ్మా. అందుకని నాది పెడుతున్నా."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు కొడతావని."

డబ్బా పట్టుకొని కిందికి దిగాను, అది నా వెనకాలే దిగింది. కింద పంపు దగ్గర వాచ్‌మన్ భార్య యాదమ్మ గిన్నెలు తోముతోంది. నేను ఒంటరిగా ఉన్నానని బాబును అప్పుడప్పుడు ఎత్తుకునేది ఆవిడే. ముక్కు మూసుకొని, "ఏందమ్మా గది? గింత బియ్యం ఖరాబ్ జేసినవ్?" అంది. జరిగింది చెప్పాను. చెబుతూ ఏడ్చాను. యాదమ్మ గిన్నె పక్కన పెట్టి పకపకా నవ్వింది.

"గిందుకు ఏడుస్తవా? నీ బిడ్డ మంచిగనే జేసింది. దేవుడు పచ్చి బియ్యం బుక్కుతడా ఏంది? మేం బోనం వండే ఎత్తుతం. నీ బిడ్డకు ఎరుకైంది నీకు ఎరుక గాలె."

వాళ్ళకు ఈ ఆషాఢంలో బోనాలు కదా, ఆవిడ బుర్రలో అదే ఉంది. మన భక్తికీ వాళ్ళ భక్తికీ లంకె వేసిందే అని అనుకోబోయాను. కానీ నవ్వొచ్చేసిందక్కా. ఎన్ని వారాలైందో నేను నవ్వి. ఇద్దరం పంపు దగ్గర కూర్చొని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

డబ్బా కడుగుతుంటే స్తుతి పక్కన కూర్చొని దాని మూతను రుద్దుతూ పాడుకుంటోంది. మూడోసారి పాడేసరికి నా చెవిన పడింది. మాటలు చిన్నపిల్ల మాటలే. వరస మాత్రం ఎక్కడా విన్నది కాదు, కానీ నాకు బాగా తెలిసినట్టుంది. మందిరంలో పాడేది కాదు, ఫోనులో విన్నదీ కాదు.

"ఆ వరస ఎవరు నేర్పారే నీకు?"

"నువ్వే."

"నేనెప్పుడు పాడాను?"

"రోజూ పాడతావుగా, బియ్యం కడిగేటప్పుడు. మాటల్లేకుండా."

నేను నమ్మలేదు. యాదమ్మ వైపు చూశాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "అవునమ్మా, పొద్దుగాల మీ కిటికీలకెల్లి ఇనవడ్తది. గది ఇన్నంకనే నేను గూడ పొయ్యి ముట్టిస్త. నీకే ఎరుక లేదా?"

నాకే ఎరుక లేదక్కా. నేను ప్రార్థన చేయడం లేదు, పాట పోయింది, దేవుడు మొహం తిప్పుకున్నాడు అని కుమిలిపోయిన ఈ తొమ్మిది నెలలూ నా నోరు తన పని తాను చేస్తూనే ఉంది. కిందింటి యాదమ్మ విన్నది, నా కూతురు విన్నది. ఆయన కూడా విని ఉంటాడు కదా? నువ్వు చెప్పు. నాకు మాత్రం విని ఉంటాడనే అనిపించి, ఆ పంపు దగ్గరే తడి చేతులతో స్తుతిని దగ్గరకు తీసుకొని క్షమించమని అడిగాను.

"నన్నా, యేసయ్యనా?" అంది.

"ఇద్దర్నీ" అన్నాను.

ఇదిగో, ఆ పాట. మూడు పూటలు కూర్చొని దీన్ని సరిచేసి, ప్రాస కుదిర్చి, చరణాలు కడదామని చూశాను. కట్టిన కొద్దీ చెడింది. అందుకని అది పాడినట్టే పంపుతున్నాను:

యేసయ్యా, ఇదిగో నీ ముద్ద
అమ్మ మరిచింది, నేను పెట్టా
చల్లారిపోయింది, ఏమనుకోకు
చిన్న చెయ్యి నాది, ఇంతే పట్టింది

అంతే. చరణాల్లేవు. రెండుసార్లు పాడుకోమని మన సమాజం స్త్రీలకు చెప్పు. వరస ఆయన ఫోనులో పంపుతారు, వెనకాల బాబు ఏడుపూ కుక్కరు కూతా వినపడతాయి, ఏమనుకోవద్దు. ఏటా మైకులో "మా చెల్లెలు కరుణ కట్టిన పాట" అని గొప్పగా చెబుతావు కదా, ఈసారి అలా చెప్పకు. మాటలు స్తుతివి అని చెప్పు. దానికి నాలుగేళ్ళని కూడా చెప్పు.

దీంతో నా అలసట తీరిపోయిందని మాత్రం అనుకోకు. తీరలేదు. బాబుకు రెండో పన్ను వస్తోంది, రాత్రి నలుగురిలో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. ఈ గంట పడుకోనందుకు సాయంత్రం తలనొప్పి ఎలాగూ వస్తుంది. కానీ ఈ రోజు మూడు మేళ్ళు రాసుకోవడానికి కాగితం చాలలేదు. ఇంకా ఎండిపోలేదక్కా నేను. అది నీకు చెప్పాలనిపించింది.

నీ పాత నూలు చీర ఒకటి, బాగా ఉతికి మెత్తబడింది, ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే పంపు. బాబు ఉయ్యాలకు. ఇక్కడ కొన్నవన్నీ బిరుసుగా ఉన్నాయి, వాడు పడుకోవడం లేదు. చోటుంటే గోంగూర పచ్చడి చిన్న సీసా. చోటు లేకపోతే చీర చాలు. బావగారిని ఎండలో సైకిలు తొక్కవద్దను. పాస్టరు గారికీ, పాస్టరమ్మ గారికీ మా వందనాలు. నీ పిల్లలిద్దరికీ వాళ్ళ పిన్ని ముద్దులు. నువ్వు మోకరించినప్పుడు మా పేర్లు ఒక్కొక్కటీ పలికి ప్రార్థించు, మోకాళ్ళు నొప్పిగా ఉంటే కుర్చీలో కూర్చొనే ప్రార్థించు. నేను ఇక్కడ బియ్యం కడుగుతూ నీ పేరు తలుచుకుంటాను, ఇప్పుడు తెలిసే తలుచుకుంటాను.

మెట్ల మీద వాళ్ళ అడుగులు వినిపిస్తున్నాయి. ఇక ముగిస్తాను. ప్రభువు కృప మీ ఇంటికీ మా ఇంటికీ తోడుగా ఉండు గాక.

నీ ఆశీర్వాదం కోరే చెల్లెలు,
కరుణ

కవరు అంటించబోతుంటే స్తుతి వచ్చి పెద్దమ్మకు తనూ పంపుతానంది. లోపల చిన్న కాగితం పొట్లం ఉంటుంది చూడు, విప్పేటప్పుడు జాగ్రత్త, ఒలికిపోతాయి. దాని పిడికెడు అది. ఈ నెల నీ సంచిలో కలుపు. ఈసారి వండలేదు.