పసుపుదారం టోపీ

తిరుపతి,
పార్థివ సంవత్సరం, మార్గశిరం.

చిరంజీవి మునిరత్నానికి నాయన ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. నువ్వూ క్షేమమని నమ్మే రాస్తున్నాను. ఇటలీ నుంచి నీ చివరి ఉత్తరం ఉగాదికి ముందు వచ్చింది. యుద్ధం ముగిసింది. నీతోపాటు సైన్యంలో చేరిన చంద్రగిరి ధనంజయ ఇల్లు చేరాడు. నీ సంగతి అడిగితే, "మాది వేరే పటాలం మామా" అని తల దించుకున్నాడు.

నువ్వు అడిగినవాటికి అప్పుడే జవాబు రాశాను. అందలేదేమోనని మళ్ళీ రాస్తున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. కుట్టుమిషను అమ్మలేదు, దిగులు పడకు. కొత్త గుడ్డ రేషను కూపన్లకు తప్ప దొరకడం లేదు. అందుకని ఆదిమూలం శెట్టి మద్రాసు మిలిటరీ వేలంలో పాత ఉన్ని స్వెట్టర్ల మూటలు పాడుకొస్తే, అమ్మ ఉతికి ఆరేస్తుంది, నేను కత్తిరించి టోపీలు కుడుతున్నాను. తలనీలాలిచ్చి కొండ దిగేవాళ్ళు ఈ చలికి గుండు మీద పెట్టుకోవడానికి కొంటున్నారు. "దేవుడికి జుట్టు, మనకు కూడు" అని మీ అమ్మ నవ్వేది. ఇప్పుడు నవ్వడం లేదు.

ఒక మాట రాయడానికి ఇంతసేపూ వెనకాడాను. మొన్న ఒక స్వెట్టరుకు కత్తెర వేశాక అంచు మడతలో పసుపుదారం కనిపించింది. నువ్వు సెలవు ముగించుకొని వెళ్ళేటప్పుడు, దిష్టి తగలకుండా మీ అమ్మ నీ స్వెట్టరులో కుట్టిన దారం. ఎడమచేతివాటం ముడి, నేను పోల్చుకోలేనా?

చలికి వణికేవాడెవడికో ఇచ్చి ఉంటావు. పాతబడిందని తిరిగి అప్పగించి ఉంటావు. అలా సర్దిచెప్పుకొని, అమ్మకు చెప్పకుండా ఆ ఉన్నితోనే ఒక టోపీ కుట్టి, దారం లోపలే ఉంచి దాచాను.

నిన్న తీసి చూస్తే వేళ్ళకు పసుపు అంటింది. అన్ని ఉతుకులు పడ్డ దారానికి పచ్చి పసుపు ఎక్కడిది? ఉతికింది మీ అమ్మే. నాకంటే ముందే చూసింది.

వెళ్ళి అడిగాను. పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే చెప్పింది.

"నీకు తెలిస్తే చెయ్యాడదని చెప్పలేదు. బిడ్డ తిరిగొస్తే గుండు కొట్టిస్తానని మొక్కినా కదా. వాడికీ టోపీ కావాల. అందుకే పసుపు పూసి మూటలోనే ఏసినా. కొలత సరిగ్గా కుట్టినావా?"

ఊళ్ళోవాళ్ళ కొలతలన్నీ నోటికొచ్చిన నాకు నీ తల కొలత గుర్తు రాలేదు. వచ్చి పెట్టుకొని చూపించు, నాయనా.

ఇట్లు,
నీ నాయన
శాంతయ్య