గోడౌన్ల వెనక నీళ్లు

అన్నయ్యకు,

"ప్రియమైన" అని రాసి కొట్టేశాను. అబద్ధంతో మొదలుపెట్టడం నీకు అలవాటు, నాకు లేదు.

నీ విండ్‌సర్ఫింగ్ బడి కరపత్రం చూశాను. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అనువైన చోట్లలో మొదటిది గోడౌన్ల వెనక రేవట! "నీళ్లు అద్దంలా ఉంటాయి, భయమే అక్కర్లేదు" అట! అలా ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించావా మహానుభావా? అక్కడ గాలి ఒడ్డు మీంచి నీళ్లలోకి వీస్తుంది. అందుకే ఒడ్డు దగ్గర అల లేవదు. తెరచాప ఎత్తడం కూడా రాని మనిషిని మాత్రం బోర్డుతో సహా సముద్రంలోకి తోసుకుపోతుంది. నేను చివరికి నేర్చుకున్న ఐస్ ఫ్యాక్టరీ ముందు తీరంలో అలలు లేస్తే లేవనీ. అక్కడ నడుం లోతే, కింద ఇసుక, గాలి పక్కనుంచి వచ్చి ఒడ్డుకే నెడుతుంది. పదిసార్లు పడతారు, పదిసార్లూ లేచి నడిచి వస్తారు.

ఇది ఎక్కడో చదివి చెప్పడం లేదు. మూడేళ్ల కిందట నువ్వు నన్ను బోర్డు మీద దింపింది ఆ గోడౌన్ల రేవులోనే. నువ్వు గొడుగు కింద స్నేహితుడితో కబుర్లలో పడ్డావు, నేను కొట్టుకుపోయాను. చేపల పడవవాళ్లు నన్ను తెచ్చి ఒడ్డున పడేస్తే, ఇంటికెళ్లి అమ్మతో ఏమన్నావు? "దానికి పొగరు. కావాలనే దూరం పోయింది. ఒక్క కేక వేస్తే నేను వెళ్లనా? నోరు మెదపలేదు." అరిచాను. గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. అమ్మ ఇప్పటికీ నీ మాటే నమ్ముతుంది. ఆ రోజు నుంచి నీ గడప తొక్కలేదు. ఎందుకని నువ్వు అడగనూ లేదు.

ఆదివారం మొదటి తరగతిలో వదినను కూడా అక్కడే దింపుతావని విన్నాను. ఆమెకు ఈత అంతంతమాత్రం. పొద్దున్నే వచ్చి రేవుకు అడ్డంగా నిలబడతాను. నీ శిష్యుల్ని ఒక్కొక్కర్నే వెనక్కి పంపిస్తాను. చేతనైతే ఆపు.

రాయక తప్పక రాస్తున్న
నీ చెల్లెలు

*

చిట్టికి,

నీ ఉత్తరం మీ అన్నయ్య చింపబోతుంటే లాక్కుని చదివాను. "దాని కడుపుమంట అది" అన్నారు. సరే, తెరచాప ఒడ్డునే వదిలేసి, ఏమీ రానివాళ్లలా ఆ రేవులో బోర్డు మీద ఊరికే కూర్చోండి చూద్దాం అన్నాను. పౌరుషానికి పోయి ఒప్పుకున్నారు. నేను మోటారు పడవ అతన్ని పక్కన పెట్టుకుని ఒడ్డున నిలబడ్డాను.

చెట్టంత మనిషి, నేను టీ తాగి గ్లాసు కింద పెట్టేలోగా బొటనవేలంత అయిపోయారు. వెనక్కి రావాలని చేతులతో నీళ్లు తోసుకున్నారు. ఇంకా దూరమే పోయారు. తర్వాత నోటి చుట్టూ చేతులు పెట్టుకోవడం కనబడింది. మాట ఒక్కటి వినబడితే ఒట్టు. పడవ పంపించాను.

ఒడ్డెక్కుతూనే నా మీద విరుచుకుపడ్డారు. "గొంతు చించుకుని అరిచాను. చెవుడా నీకు?"

"గాలి అటే వీస్తోంది కదండీ. ఒక్క ముక్క ఇటు రాలేదు."

ఇంకా ఏదో తిట్టబోయి ఆగిపోయారు. తడిబట్టలతోనే ఇసుకలో కూలబడ్డారు. "అయితే ఆ రోజు అది అరిచిందన్నమాట" అన్నారు.

ఈ ఉదయం అత్తయ్యగారికి ఆ మాట చెప్పడానికి వెళ్లారు. నువ్వు ఇప్పుడే క్షమించనక్కర్లేదు, నేనూ ఇంకా క్షమించలేదు. ఆదివారం తరగతి ఐస్ ఫ్యాక్టరీ ముందు. నాకు నేర్పాల్సింది నువ్వే. మీ అన్నయ్యతో పోట్లాడటానికైనా రా.

మీ వదిన