తువ్వాల కింద చెయ్యి

బీదర్,
2006, మాఘమాసం.

అమ్మకు మౌనశ్రీ నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. ఒంట్లో నలత లేదు, కోపం మాత్రం బాగా ఉంది. హైదరాబాదులో నువ్వూ, తమ్ముడు ప్రణయ్ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

“ఆర్థికశాస్త్రం చదివినదానికి కందుల బజారులో ఏం పనే?” అని అడిగావు. పంటల బజారుల్లో సర్కారు తెచ్చిన సంస్కరణలు నిజంగా నడుస్తున్నాయో లేదో చూడడమే నా పని. ఈ చుట్టుపక్కల ఒక చిన్న బజారులో వెనకటి నుంచీ బేరం తువ్వాల కిందే జరుగుతుంది. దాని కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర తేల్చుకుంటారు. మూడోవాడికి తెలియదు. పరాయి ఆడదాని చెయ్యి ఎవరూ పట్టరు గనుక, ఆడవాళ్లు తమ పంటకు తాము బేరమాడలేరు. అందుకే అందరి ముందూ ధర పలికే వేలం పెట్టారు. నేను పనిచేసే పరిశోధన సంస్థ దాన్ని గొప్ప విజయమంటోంది.

విజయమట! పొద్దున తువ్వాల కింద తేలిన ధరనే మధ్యాహ్నం వేలంలో అరుస్తున్నారు. కుశనూర్ హనుమవ్వ, భర్త పోయిన మనిషి, కందులు వేలానికి పెడితే ఒక్కరూ నోరు విప్పలేదు. మరిది వచ్చి చెయ్యి కలిపాకే బస్తాలు కదిలాయి. ఇదంతా నివేదికలో ఒక అధ్యాయంగా రాశాను. మా డైరెక్టరు జయానందం గారు ఆ అధ్యాయం తీసేసి సంతకం పెట్టమన్నారు.

ఉద్యోగం పర్మినెంటయిందా అన్నావు. చెబుతాను, ముందు ఇది విను.

పోయిన సంతనాడు హనుమవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి మరిది లేడు. దళారీ ఖండప్ప ఆమెతో బేరమాడనని తల అడ్డంగా ఊపాడు. నాకు ఒళ్లు మండి, అతని తువ్వాల కింద నా చెయ్యి పెట్టేశాను.

“గిదేం పని మేడం? నలుగురు జూస్తున్నరు!” అన్నాడతను.

హనుమవ్వ నా చెయ్యి లాగేసింది. “నీకు వేళ్ల లెక్క రాదు బిడ్డా, జర జరుగు. మా ఆయన నాకు నేర్పిండు.” తన చెయ్యి పెట్టి ఖండప్పను చూసింది. “కంది కోసిన చెయ్యి గిది. పట్టుకుంటవా, పక్కాయన కాడికి పోవాల్నా?”

పక్క దళారీ అప్పటికే ఆ బేరం తనకొస్తుందని తువ్వాల సర్దుకుంటున్నాడు. ఖండప్ప మొహం తిప్పుకొని వేళ్లు నొక్కాడు. ఆమె ఒప్పుకోలేదు. మళ్లీ నొక్కాడు. అప్పుడు తలూపింది. నాకు ఏడుపొచ్చిందమ్మా.

“పరిశోధకులు చూడాలి గానీ చెయ్యి పెట్టకూడదు. ఆ అధ్యాయం తీస్తారా, మానేస్తారా?” అని, సంగతి తెలిసి, ఫోనులో జయానందం గారు. మానేశాను. ఉద్యోగం లేదమ్మా. ఆ అధ్యాయాన్ని నా పేరుతో నేనే అచ్చు వేయిస్తాను. నన్ను తిరిగి రమ్మని రాయకు.

వచ్చే సంతకు హనుమవ్వ పక్కింటి గుండమ్మ కూడా తన కందులు తానే అమ్ముతుందట. ఆడవాళ్లతో బేరం తప్పించుకోవడానికి దళారులు తువ్వాలలు ఇంట్లో వదిలేసి వస్తారేమోనని, నువ్వు పెట్టెలో పెట్టిచ్చిన కొత్త తువ్వాల ఉతికి సంచిలో పెట్టుకున్నాను.

ఇట్లు,
నీ మాట వినని బిడ్డ,
మౌనశ్రీ