పది దగ్గర మొదలైన కొలత

ప్రియమైన అక్కకు,

అక్కడ మీరంతా బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? తగ్గేదాకా పొలానికి పోనివ్వకు. ఇక్కడ చిన్నమ్మ, నేను బాగున్నాం. నా గురించి బెంగ వద్దు.

పటాన్‌చెరులో మనసుకు కుదురు లేదక్కా. తొలి వానకే వాడంతా బురద. గాలి ఇటు తిరిగితే మందుల ఫ్యాక్టరీ వాసన అన్నంలోకి వస్తుంది. మామిడికాయ తొక్కు పెట్టి ఉంటే కొంచెం పంపు.

ఇంటర్ అయిపోయింది కదా, ఆదివారం వచ్చి తీసుకెళ్తానని బాపు కబురు పంపాడు. అయినా ఏదైనా పని దొరికితే ఇక్కడే ఉండి డిగ్రీ చదవాలని నా ఆశ. అందుకే మా వాడలోని చిన్న ప్రైవేటు బడిలో అడిగాను. పెద్దసారు మంగళవారం నాలుగో తరగతికి పొడవుల పాఠం చెప్పి చూపించమన్నారు.

మూర, జాన, బెత్తెడు అంటూ మొదలుపెట్టాను. ఈ మధ్య ఇలాంటి పాత మాటలు పలకడమే నాకు సంబరం. సగం పీరియడ్ వాటికే పోయింది. తర్వాత బెంచీ కొలిచి మిల్లీమీటర్లలో చెప్పమన్నాను. అందరూ స్కేళ్లతో కొలిచి పన్నెండు వందలన్నారు. మమత అనే పిల్ల మాత్రం తండ్రి టేపుతో కొలిచి పన్నెండు వందల తొంభై అన్నది. పిల్లలు నవ్వారు. పెద్దసారు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు.

ఎలా కొలిచావని అడిగాను. వాళ్ల నాన్న గేట్లు చేసే షెడ్డులో వెల్డర్. టేపు కొస విరిగిపోవడంతో అంచు దగ్గర పది సెంటీమీటర్ల గీత పెట్టి కొలుస్తాడట.

"ఆఖర్ల పది తీసేస్తడు టీచర్. నేను గూడ తీసిన."

తీసింది నిజమే. టేపు మీద నూట ముప్పై వస్తే, ముందు పదమూడు వందల మిల్లీమీటర్లు చేసి, అందులోంచి పది తీసింది. తీయాల్సింది వంద. అది చెప్పేలోపే గంట కొట్టారు.

"గా పిల్లకు సమజ్ కాకముందే పాఠం అయిపాయె," అన్నారు పెద్దసారు. "సోమవారం మళ్ల రా. అప్పటికి ఆమెకు తెలిస్తె సూద్దాం."

ఇక నేను ఒకచోట నిలిస్తే ఒట్టు. జెర కూసోమని చిన్నమ్మ విసుక్కున్నది.

నిన్న సాయంత్రం మమతను ఇంటికి పిలిచాను. జవాబు నేను ముందే చెప్పలేదు. స్కేలు ఇచ్చి, పది సెంటీమీటర్ల దాకా చిన్న గీతలన్నీ లెక్కపెట్టమన్నాను. వేలితో తడుముతూ లెక్కపెట్టింది. తర్వాత టేపుతో మా గడప కొలిచి, మళ్లీ స్కేలు అందుకుంది.

"చిన్న గీతలల్ల చెప్పాల్నంటె వంద తీయాలె గద టీచర్? పది తీస్తె గింతనే పోతది," అని స్కేలు మీద ఒక్క సెంటీమీటరు చూపించింది.

పెద్దసారు ఏమంటారో తెలియదు. అయినా సరే, బాపును ఆదివారం రావద్దని చెప్పక్కా. నువ్వు చెబితే వింటాడు.

అమ్మకు, బాపుకు, నానమ్మకు నా దండాలు. సోమవారం పొద్దున నన్ను తలుచుకుని దీవించమను.

నీ చెల్లెలు
సునీత